శనక్కాయ జన్యువుల్లో ఏం రాసుంది?

గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అందులో లఘు శాసనాన్ని చదవబోయిన పండితులకు ఓ చిక్కు ఎదురైంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి చెక్కి ఉంటే, కొన్ని కుడి నుంచి ఎడమకు ఉన్నాయి. పత్తికొండ దగ్గరి రాజుల మందగిరిలో అదే శాసనానికి మరో ప్రతి ఉంది, కానీ బాగా అరిగిపోయింది. అక్కడ చెరిగిపోయిన అక్షరం ఏమై ఉంటుందో తేలాలంటే ఎర్రగుడి పాఠాన్ని పక్కన పెట్టుకుని పంక్తికి పంక్తి సరిచూడాలి. కర్ణాటకలోని బ్రహ్మగిరి, మస్కి ప్రతులను కూడా దగ్గర పెట్టుకుంటే ఎక్కడ మాట మారింది, ఎక్కడ మాట జారిపోయింది, ఏ ప్రతికి ఏది దగ్గర అన్న సంగతులు ఒక్కొక్కటే బయటపడతాయి.

ఇవాళ జీవశాస్త్రంలో జరుగుతున్న పనిలో పెద్ద భాగం ఇలాంటిదే. బండ స్థానంలో డీఎన్‌ఏ ఉంది. అక్షరాలు నాలుగే: ఏ, టి, జి, సి. డీఎన్‌ఏలో పెనవేసుకున్న రెండు పోగులు ఒకదానికొకటి ఎదురు దిశల్లో సాగుతాయి కాబట్టి చదివే సాఫ్ట్‌వేర్ రెండు వైపుల నుంచీ చదవాల్సిందే. తేడా అంతా పరిమాణంలో ఉంది. టమాటా జన్యురాశిలో సుమారు 90 కోట్ల అక్షరాలు, మనిషిలో సుమారు 300 కోట్లు. మన బుడ్డల (వేరుశనగ) చెట్టులో దాదాపు 270 కోట్లు. అంటే కాళ్ల కింద పాకే ఈ చిన్న మొక్క గ్రంథం మనిషి గ్రంథానికి కాస్త మాత్రమే తక్కువ. ఇన్ని అక్షరాలను దాచడం, వరుసలో పేర్చడం, ఒకదానితో ఒకటి సరిచూడడం, వాటిలోంచి అర్థం లాగడం, ఇవన్నీ కంప్యూటర్‌తో చేసే శాస్త్రమే బయోఇన్ఫర్మాటిక్స్. జీవ సమాచార శాస్త్రం అని కూడా అంటున్నారు.

ఇదేదో పెద్ద నగరాల ల్యాబుల వ్యవహారం అనుకోవడానికి లేదు. పత్తికొండకు దక్షిణాన, జిల్లా గట్టు దాటగానే ఉన్న అనంతపురం చేలల్లో దీని అవసరం ఎంతటిదో 2000 ఖరీఫ్‌లో తెలిసొచ్చింది.

ఆ ఏడాది వేరుశనగలో లేత ఆకుల మీద మచ్చలు వచ్చాయి. అవి కాడలకు, కాండానికి పాకి, కాండం నల్లబడి, మొక్కలు నిలువునా ఎండిపోయాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. లక్షణాలు చూస్తే రాయలసీమ రైతుకు అంతకుముందే తెలిసిన మొవ్వుకుళ్లు తెగులులా ఉన్నాయి. అది తామర పురుగులు మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుంది. అదే అయితే అందుకు తగ్గ జాగ్రత్తలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కానీ ఈసారి వచ్చింది అదేనా?

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు నమూనాలు తెచ్చి మూడు దారుల్లో చూశారు. ఏయే మొక్కలకు అంటుతుందో పరీక్షించారు, యాంటీబాడీలతో ఇలైజా పరీక్ష చేశారు. ఆ తర్వాత వైరస్ పైపొరగా ఉండే ప్రొటీన్ తాలూకు జన్యువును వేరు చేసి, అక్షరం అక్షరం చదివి, లోకంలో అప్పటికే నమోదై ఉన్న వరుసలతో సరిచూశారు. అది మొవ్వుకుళ్లు వైరస్ కాదు. టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. వేరుశనగలో అది అంతటి ఉపద్రవం తెస్తుందని ఎవరూ ఊహించలేదు. 1997లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు పంటను ఎండబెట్టిన నెక్రోసిస్ తెగులుకు కూడా ఇదే కారణం. రెండు పంటల్లో దొరికిన వైరస్ పైపొర జన్యువులను పక్కపక్కన పెడితే దాదాపు ఒకేలా ఉన్నాయి.

పేరు తేలగానే చేలో చేయాల్సిన పని మారిపోయింది. మొవ్వుకుళ్లు వైరస్ తామర పురుగు ఒంట్లో పెరిగి మొక్కకు చేరుతుంది. టొబాకో స్ట్రీక్ అలా కాదు, పుప్పొడిలో ఉంటుంది. గట్ల మీద, బీళ్లలో విరగబూసే వయ్యారిభామ ఈ వైరస్‌ను మోస్తూ కూడా పచ్చగానే కనిపిస్తుంది. దాని పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడుతుంది, లేదా తామర పురుగుల ఒంటికి అంటుకుని వస్తుంది. పురుగు ఆకును గీరినప్పుడు పడిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. వేరుశనగ పూవు తన పరాగంతో తానే ఫలిస్తుంది కాబట్టి చేలో ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పాకడం ప్రధాన దారి కాదు. అందుకే శత్రువు గట్టు మీద ఉందని గుర్తించి, పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయడం, చేను చుట్టూ జొన్న సాళ్లు వేసి గాలికి వచ్చే పురుగును అడ్డుకోవడం, విత్తనశుద్ధి చేయడం వంటి సలహాలు వచ్చాయి. కొన్ని వందల అక్షరాల వరుసను సరిచూసినందుకు దక్కిన ఫలితమిది.

ఈ కథలో సాధారణంగా ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. సరిచూడడానికి ముందుగా ఎవరో ఒకరు ఆ వైరస్‌ను చదివి పెట్టి ఉండాలి. టొబాకో స్ట్రీక్ వైరస్‌లో డీఎన్‌ఏకు బదులు ఉండే ఆర్‌ఎన్‌ఏ మూడు ముక్కలుగా ఉంటుంది. పైపొర జన్యువున్న మూడో ముక్కను నెదర్లాండ్స్ పరిశోధకులు 1984లోనే పూర్తిగా చదివి ప్రకటించారు. వాళ్ల మనసులో అనంతపురం బుడ్డల చేను ఉండే అవకాశమే లేదు. 16 ఏళ్ల తర్వాత అది ఇక్కడ అక్కరకొచ్చింది. 1982లో మొదలైన, జన్యు వరుసలను భద్రపరిచే జెన్‌బ్యాంక్, యూరప్, జపాన్‌లలోని దాని సోదర సంస్థలు ప్రతిరోజూ తమలో తాము సమాచారం మార్చుకుంటూ, ఎవరికైనా ఉచితంగా ఇస్తుండబట్టే ఇది సాధ్యం. జీవశాస్త్రంలో ఇంతకంటే ఉదారమైన ఏర్పాటు మరొకటి లేదనే చెప్పాలి.

సరిచూడడం అంటే ఏం చేస్తారో కొంచెం దగ్గర నుంచి చూద్దాం. రెండు వరుసలున్నాయి.

జి ఏ టి టి ఏ సి ఏ
జి ఏ టి ఏ సి ఏ

మొదటి అక్షరం నుంచి ఒకదాని కింద ఒకటి పెడితే మొదటి మూడే కలుస్తాయి. తర్వాతి మూడు కలవవు, చివరి ఏ ఒంటరిగా మిగులుతుంది. ఈ రెండూ చుట్టాలు కావేమో అనిపిస్తుంది. కింది వరుసలో నాలుగో చోట ఒక ఖాళీ వదిలి చూడండి.

జి ఏ టి టి ఏ సి ఏ
జి ఏ టి – ఏ సి ఏ

ఆరు అక్షరాలు కలిశాయి. ఒక్క టి మాత్రమే ఎక్కడో జారిపోయిందన్న మాట. కలిసిన ప్రతి అక్షరానికి 1 మార్కు వేసి, కలవని దానికి 1, ఖాళీకి 2 కోసేస్తే మొదటి అమరికకు మైనస్ 2, రెండో దానికి 4 వస్తాయి. ఎక్కువ మార్కులు వచ్చిందే నమ్మదగిన అమరిక.

ఏడు అక్షరాలకైతే కాగితం మీద చేయొచ్చు. వందేసి అక్షరాలున్న రెండు వరుసలను ఖాళీలతో అమర్చే విధాలు 1 పక్కన 58 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యను దాటిపోతాయి. అన్నీ ప్రయత్నించడం ఏ యంత్రం వల్లా కాదు. 1970లో సాల్ నీడిల్‌మన్, క్రిస్టియన్ వున్ష్ దీనికి అందమైన దారి కనిపెట్టారు. ఒక వరుసను పైన, మరో వరుసను పక్కన రాసి గళ్ల పట్టిక గీస్తారు. ఒక్కో గడిలో వేయాల్సిన మార్కుకు పైగడి, ఎడమగడి, ఐమూలగడి ఈ మూడూ చూస్తే చాలు. సుమారు పది వేల గళ్లు నింపగానే అన్నిటికంటే మేలైన అమరిక దానంతటదే దొరుకుతుంది. తర్వాత డేటాబేసులు పెరిగిపోయి, ఒక వరుసను లక్షల వరుసలతో పోల్చాల్సి వచ్చినప్పుడు అది కూడా నిదానమైపోయింది. 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే ప్రోగ్రామ్ ఆ సమస్య తీర్చింది. ముందుగా పదకొండు అక్షరాల చిన్న ముక్క ఎక్కడెక్కడ అచ్చంగా కలుస్తుందో వెతుకుతుంది. కలిసిన చోట నుంచే అటూ ఇటూ విస్తరిస్తుంది. మిగతా చోట్ల కాలం వృథా చేయదు. ఇప్పుడు వరుసను పెట్టి మీట నొక్కితే కొద్దిసేపట్లోనే జవాబు వస్తుంది.

ఈ పనికి పునాది వేసిన మార్గరెట్ డేహాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త గురించి చెప్పకుండా ముందుకు పోలేం. డీఎన్‌ఏను చదివే పద్ధతి ఇంకా రాని రోజుల్లో, 1965లోనే, ఆమె బృందం అప్పటికి తెలిసిన ప్రొటీన్ల వరుసలన్నీ ఒకచోట చేర్చి పుస్తకంగా అచ్చువేసింది. అందులో ఉన్నవి 65. ఇవాళ్టి కోట్లాది నమోదులకు అదే మొదలు.

ఈ సరిచూడడం వేరుశనగ తెగులుకే పరిమితం కాలేదు. పత్తికొండ టమాటా మార్కెట్ పేరు తెలియనివారు సీమలో తక్కువ. ఆ టమాటాకు ఆకుముడత తెప్పించే వైరస్‌ను తెల్లదోమ మోస్తుంది. దాని ప్రధాన డీఎన్‌ఏ వలయంలో ఉండేవి 2,700 చిల్లర అక్షరాలే. ఆకు ముడుచుకోవడం ఎక్కడైనా ఒకేలా కనిపించినా లోపలి వైరస్ ఊరికో రకం కావచ్చు. అందుకే శాస్త్రవేత్తలు ఒక లెక్క పెట్టుకున్నారు. కొత్తగా దొరికిన వైరస్ వరుస తెలిసిన వాటితో 91 శాతం కన్నా తక్కువ కలిస్తే దాన్ని వేరే జాతిగా పరిగణిస్తారు. అంటే తెగులు పేరును ఆకు చూసి కాక, అమరిక మార్కులు చూసి పెడుతున్నారు. టమాటా పూర్తి జన్యురాశి 2012లో వెలువడింది. 14 దేశాల శాస్త్రవేత్తలు క్రోమోజోములు పంచుకుని చదివారు. పన్నెండింటిలో ఐదో క్రోమోజోము భారత్ వంతు.

వేరుశనగ అంత తేలిగ్గా లొంగలేదు. జన్యురాశిని ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క బిగిన చదివే యంత్రం లేదు. ముక్కలుగా చదివి, ఒకదాని చివర మరోదాని మొదలుతో కలిసే చోటు పట్టుకుని అతకాలి. వేరుశనగలో రెండు వేర్వేరు అడవి మొక్కల జన్యురాశులు కలిసి ఉన్నాయి. ఇరవై జతల క్రోమోజోముల్లో పది జతలు ఒక మొక్కవి, పది జతలు మరో మొక్కవి. ఆ రెండూ దగ్గరి చుట్టాలు కావడంతో ఏ ముక్క ఎవరిదో కంప్యూటర్‌కు కూడా తికమకే. అందుకని పరిశోధకులు ముందు ఆ అడవి మొక్కలనే విడివిడిగా చదివారు. అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్ అనే ఈ రెండింటి జన్యురాశులు 2016లో వచ్చాయి. సాగులో ఉన్న వేరుశనగది 2019లో పూర్తయింది. ఈ పనిలో ఇక్రిశాట్ నుంచి రాజీవ్ వర్ష్నేయ బృందం పాలుపంచుకుంది.

ముక్కలు సరిచూస్తుండగా చరిత్రే బయటపడింది. బొలీవియాలో సేకరించిన ఇపాయెన్సిస్ మొక్క, మన వేరుశనగలోని దాని వాటా 99.96 శాతం కలిశాయి. పదివేల అక్షరాల్లో నాలుగు మాత్రమే తేడా. ఆ తేడాను బట్టి లెక్క వేస్తే రెండు దారులు విడిపోయి సుమారు తొమ్మిది వేల నాలుగు వందల ఏళ్లయింది. దక్షిణ అమెరికాలో తొలి సాగుదారులు ఒక అడవి మొక్కను చేత పట్టుకుని మరో ప్రాంతానికి తెచ్చి నాటడంతో, అక్కడ ఆ రెండూ కలిశాయన్నది పరిశోధకుల అంచనా. పత్తికొండ ఎర్రనేలల్లో పెరిగే చెట్టు పుట్టుక కథ ఏ తవ్వకాల్లోనూ దొరకలేదు. అక్షరాల తేడాల్లో దొరికింది.

రెండు జన్యురాశులుండడం వల్ల మరో చిత్రం జరుగుతుంది. ప్రతి ముఖ్యమైన జన్యువుకు రెండు ప్రతులుంటాయి, ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. గింజలోని ఒలీయిక్ ఆమ్లాన్ని లినోలీయిక్ ఆమ్లంగా మార్చే ఎఫ్ఏడీ2 జన్యువునే తీసుకోండి. 1987లో ఫ్లోరిడా పరిశోధకులు నూనెలో దాదాపు 80 శాతం ఒలీయిక్ ఆమ్లమున్న వింత వేరుశనగను గుర్తించారు. మామూలు రకాల్లో అది సగానికి అటూ ఇటూ ఉంటుంది. తర్వాత అక్షరాలు సరిచూసినప్పుడు కారణం తెలిసింది. మొదటి ప్రతిలో 448వ అక్షరం జి ఉండాల్సిన చోట ఏ ఉంది. రెండో ప్రతిలో 441, 442 అక్షరాల మధ్య ఒక ఏ అదనంగా దూరింది. కణం మూడేసి అక్షరాలు చొప్పున చదువుతుంది కాబట్టి, ఒక అక్షరం అదనంగా వస్తే అక్కడి నుంచి మూడేసి జట్లన్నీ జరిగిపోయి ప్రొటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. రెండు ప్రతులూ పని మానేయడంతో ఒలీయిక్ ఆమ్లం గింజలోనే నిలిచిపోయింది.

కారణం రెండే అక్షరాలని తెలిశాక విత్తన పరిశోధకుల పని ఎంత సులువైందో ఊహించవచ్చు. సంకరం చేసిన తర్వాత పంట పండేదాకా ఆగి నూనె పిండి చూడక్కర్లేదు. మొలక ఆకు చిన్న ముక్క తీసి ఆ రెండు చోట్ల ఏ అక్షరముందో చూస్తే సరిపోతుంది. పనికిరాని మొక్కలను మొలకల దశలోనే పక్కన పెట్టేస్తారు. ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనా సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 అలా వచ్చినవే. దేశంలో అధిక ఒలీయిక్ ఆమ్లమున్న మొదటి వేరుశనగ రకాలు ఇవి. వీటి నూనె త్వరగా చెడిపోయి వాసన రాదు. చిక్కీలు, వేయించిన పప్పులు అమ్మేవారికి అదే కావాలి.

మొక్కల్లో పనికొచ్చిన పద్ధతే మనుషుల్లోనూ పనికొచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనా సంస్థ నుంచి లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం 2009లో దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏను 5 లక్షల 60 వేల స్థానాల్లో సరిచూశారు. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల వంశమూలం వందకు పైగా తరాల కింద కొద్దిమంది పూర్వీకుల దగ్గర మొదలైందనీ, అప్పటి నుంచీ పెళ్లిళ్లు లోలోపలే సాగాయనీ ఆ అక్షరాలు చెప్పాయి. ఇది వైద్యానికి నేరుగా సంబంధించిన సంగతి. ఈ సమూహంలో కొందరికి బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఉంటుంది. మామూలుగా వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి సక్సినైల్ కోలిన్ ఇస్తే మాత్రం, కొన్ని నిమిషాల్లో తగ్గాల్సిన మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోయి, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మత్తు డాక్టర్‌కు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. కుటుంబంలో ఎవరికైనా అలా జరిగి ఉంటే తప్పకుండా చెప్పాలి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. అక్షరాలు చదవడం తేలికైంది, అర్థం చేసుకోవడం కాలేదు. ప్రొటీన్ ఆకారాల విషయంలో పెద్ద ముందడుగు పడింది. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చూపుతూ వేసిన పటం నేటికీ ప్రొటీన్ నమూనాలు సరిచూసే గీటురాయి. అక్షరాల వరుస నుంచి ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ రూపకర్తలకు 2024లో రసాయన శాస్త్ర నోబెల్ వాటా దక్కింది. అయినా వేరుశనగలో గుర్తించిన వేలాది జన్యువులు చేలో ఏం పని చేస్తాయో ఇంకా తేలాల్సే ఉంది.

సీమకు అన్నిటికన్నా బరువైన ఉదాహరణ అఫ్లాటాక్సిన్. కాయ ముదిరే నెలలో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజలోకి చేరుతుంది. అది వదిలే ఈ విషం కాలేయ క్యాన్సర్‌కు కారణం. ఎగుమతికి పంపిన సరుకు వెనక్కి రావడానికీ ఇదే కారణం. బూజు వైపు లెక్క కొంత తెలిసింది. విషం తయారుచేసే పాతిక పైచిలుకు జన్యువులు దాని క్రోమోజోము మీద ఒకేచోట గుంపుగా ఉన్నాయి. చెట్టు వైపు అలా లేదు. నూనెలో మాదిరి రెండు అక్షరాలు మారిస్తే పని జరిగేది కాదిది. బూజును గింజలోకి రానివ్వకపోవడం ఒక గుణం, వచ్చినా విషం చేయనివ్వకపోవడం మరో గుణం. ఒక్కోదాని వెనుక చిన్న చిన్న ప్రభావం చూపే జన్యువులు అనేకం ఉన్నాయి.

ఇలాంటి చోట పరిశోధకులు జీనోమిక్ సెలెక్షన్ వైపు చూస్తున్నారు. ఏ ఒక్క జన్యువునూ నమ్ముకోకుండా, జన్యురాశి అంతటా వేల స్థానాల్లో అక్షరాలు చూసి, అన్నిటి ప్రభావం కలిపి ఏ మొలక మేలైనదవుతుందో అంచనా కడతారు. 58 వేల స్థానాలను ఒకేసారి చూడగల చిప్ వేరుశనగకు 2017లోనే వచ్చింది. కానీ ఆ లెక్క నేర్వాలంటే కంప్యూటర్‌కు అక్షరాలతో పాటు చేను సంగతులు కూడా కావాలి. ఏ రకం ఏ నేలలో వేశారు, కాయ పీకే ముందు నెలలో ఎన్ని రోజులు వాన పడలేదు, నేల ఎంత వేడెక్కింది, గింజలో విషం ఎంత తేలింది అన్నవి రకరకాల చేలల్లో, ఏళ్ల తరబడి రాసి పెట్టాలి. నీటి వసతి ఉన్న పరిశోధనా క్షేత్రంలో కొలిచిన అంకెలు పత్తికొండ, తుగ్గలి వర్షాధార చేలకు సరిపోవు. డీఎన్‌ఏ చదివే ఖర్చు ఏటేటా దిగివస్తున్నా, ఈ చేను సంగతుల పట్టిక ఇప్పటికీ చేతితో, చేలో నిలబడి నింపాల్సిందే.